ముక్కు చెప్పిన సాక్ష్యం

"ఇంకోసారి పెట్టనా అమ్మా?" అన్నాడు కళ్ళద్దాల షాపాయన.

ఆ సందేశాన్ని ఎన్నోసారి వింటున్నానో అప్పటికే లెక్క తప్పింది. 'వద్దు మహాప్రభో' అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. పెళ్ళాం వదిలేసి వెళ్ళిపోతున్నానని చెప్పిన మాటల్ని ఎవరైనా చెరిపేస్తారు. ఈయన ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పాట విన్నట్టు వింటున్నాడు.

"ఏమండీ, నేను నా ఇష్టంతోనే వెళ్ళిపోతున్నాను. నన్ను వెతకొద్దు. నా గొంతు మీద హక్కులన్నీ ల్యాబు వాళ్ళకే ఇచ్చేస్తున్నాను. మీరు మనశ్శాంతిగా ఉండండి."

గొంతు ఆవిడదే, అందులో అనుమానం లేదు. ఎంతమంది హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పిన గొంతో అది! సినిమా చూసిన ప్రతివాడికీ తెలుసు, మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. రెండేళ్ళ క్రితం ఆ గొంతులోనే పుండు పుట్టింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ఊపిరి పీల్చడం, వదలడం అంతా ఆ రంధ్రంలోంచే. మాట మాత్రం పోయింది.

పోయిన మాటను ఒక ల్యాబు వాళ్ళు వెనక్కి తెచ్చారు. గడ్డం కింద, చెంపల మీద అతుక్కునే ఒక పట్టీ తయారు చేసిచ్చారు. శబ్దం లేకుండా పెదవులూ నాలుకా ఆడిస్తే చాలు, పట్టీ ఆ కదలికల్ని చదువుతుంది. పక్కనున్న డబ్బా ఆవిడ పాత గొంతుతోనే పైకి మాట్లాడుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆ పట్టీ సరిచేయించుకోవడానికి ల్యాబుకు వెళ్ళిన మనిషి ఇంటికి రాలేదు. సాయంత్రం తన కారులోనే బస్టాపులో దింపానని ల్యాబు డైరెక్టరు పోలీసులతో ఫోనులో చెప్పాడు. సోమవారం ఈ సందేశం వచ్చింది. మంగళవారం పోలీసులు చేతులు దులుపుకున్నారు. బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఈయన నా డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరం వాళ్ళింటికి వచ్చాం.

"ఆవిడ మిమ్మల్ని వదిలేస్తానని ముందెప్పుడైనా అందా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"రోజూ అనేదమ్మా."

"రోజూనా?"

"ఉప్పు డబ్బాకి మూత పెట్టకపోతే అనేది. పెళ్ళయిన వారం నుంచీ అంటూనే ఉంది."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నేను నవ్వితే ఆయన ఏడ్చేలా ఉన్నాడు.

"ఈ హక్కుల గొడవ ఏంటి?"

"ఆవిడ గొంతుని ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నిటిలో పెట్టి అమ్ముకుంటామని డైరెక్టరు గారు ఆర్నెల్లుగా వెంటపడుతున్నారు. ఆవిడ ససేమిరా అంది. 'నా గొంతు నాకుండనీయండి, మా ఆయన్ని తిట్టుకోడానికి కావాలి' అని మొహం మీదే చెప్పింది. ఆవిడ స్వయంగా పట్టీలోంచి ఒప్పుకుంటే తప్ప చెల్లదట."

ఇప్పుడు ఒప్పుకున్నట్టే ఉంది. డైరెక్టరు మీద నా అనుమానం ఇంతింతై పెరిగింది. కానీ అనుమానాన్ని నమిలి మింగలేం కదా, సాక్ష్యం కావాలి. "ఆవిడ గది చూపించండి" అన్నాను.

చిన్న గది. అద్దం ముందు అన్నీ వరసగా సర్ది ఉన్నాయి. మెడ రంధ్రం మీద కప్పుకునే మెత్తటి గుడ్డలు, లోపలి గొట్టాన్ని శుభ్రం చేసుకునే సన్నటి బ్రష్షు, చిన్న టార్చి. ఏదీ కదిలినట్టు లేదు.

"ఇవి లేకుండా ఆవిడ ఎన్నాళ్ళుండగలదు?"

"ఒక్క రోజు కూడా కష్టమే. రెండు పూటలా శుభ్రం చేసుకోవాలి. లేకపోతే గొట్టం పూడుకుపోతుంది, ఊపిరాడదు." ఆ మాట చెప్తూ చెప్తూనే ఆయన బ్రష్షు తీసి నా చేతిలో పెట్టాడు. "మీరు పోలీసులతో చెప్పండమ్మా. నేను చెప్తే కొత్తవి కొనుక్కుని ఉంటుందిలే అన్నారు."

తన ఇష్టంతో ఇల్లు వదిలే మనిషి బట్టలు మర్చిపోతుందేమో గానీ ఊపిరి మర్చిపోదు. ఆవిణ్ణి ఎవరో పట్టి ఉంచారు. అప్పటికి ఐదో రోజు.

కింది అరలో ఇంకో పట్టీ కనిపించింది. స్పేరుది, పాతబడింది. గడ్డం కింద ఆనే చోట వేలు పెట్టి చూశాను. తడిగా, జిగురుగా తగిలింది.

"దీన్ని ఎవరు వాడుతున్నారు?"

"ఎవరూ వాడట్లేదమ్మా, పాతది" అని మొహం తిప్పుకున్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి. నేను రెట్టించలేదు. మనసులో మాత్రం ఒక ముడి వేసుకున్నాను.

ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. "అయ్యో పాలు!" అంటూ పరుగెత్తి, స్టవ్ కట్టేసి, చెయ్యి ఊదుకుంటూ వచ్చాడు.

"మా ఇంట్లో పాలు మాడినా, అన్నం అడుగంటినా నా ముక్కే దిక్కు. ఆపరేషన్ అయ్యాక ఆవిడకి వాసనలు తెలీవు. ఊపిరంతా మెడలోంచే కదా, ముక్కులోకి గాలే పోదు." ఆగి, గుమ్మం వైపు చూశాడు. "వాన పడితే నన్ను గుమ్మంలోకి లాక్కొచ్చేది. మట్టి వాసన ఎలా ఉందో చెప్పమనేది. ఏం చెప్తానమ్మా నేను? మట్టి వాసన మట్టి వాసనలాగే ఉంటుంది. అయినా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. వింటూ అలా నిలబడేది. నిన్న కూడా వాన పడింది. అలవాటు కొద్దీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను."

నేను ఆయన్ని ఓదార్చాలి. కానీ నా బుర్ర 'ముక్కులోకి గాలే పోదు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పోయిన నెల వేరే పని మీద ఆ ల్యాబుకు వెళ్ళినప్పుడు, అలాంటి పట్టీ పెట్టుకున్న ఒకాయన ముక్కు కింద సన్నటి తీగ చూసిన గుర్తు.

"చెప్పులేసుకోండి అన్నయ్యగారూ. ల్యాబుకి పోదాం."

*

ల్యాబులో మాకంటే ముందే ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. డిపార్టుమెంటులో నా కింద పనిచేసినవాడే. నేను ఉద్యోగం వదిలేశాక నా కుర్చీ అతనికి దొరికింది, దాంతో పాటు నేను చెప్పిందల్లా కాదనే జబ్బు కూడా పట్టుకుంది. కేసు ముగించడానికి ఇంజనీరమ్మాయి దగ్గర సంతకం కోసం వచ్చాడట.

"ఏంటక్కా, తప్పిపోయిన పిల్లులన్నీ దొరికేశాయా? మనుషుల మీద పడ్డావు?" అన్నాడు.

"పిల్లులే నయం తమ్ముడూ. కళ్ళు తెరిచి వెతుక్కుంటాయి."

అతను మూతి ముడిచాడు. నేను ఇంజనీరమ్మాయి పక్కన కుర్చీ లాక్కున్నాను. ఆ పట్టీని కనిపెట్టి, ఆవిడకు సరిపడేలా మలిచింది ఈ పిల్లే. కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే తనకూ నిద్ర లేదని తెలుస్తోంది.

"ఒక్క సంగతి చెప్పమ్మా. 'బ' అన్నా 'మ' అన్నా పెదవులు ఒకేలా మూసుకుంటాయి. శబ్దం లేకుండా ఆడిస్తే ఏది ఏదో పట్టీకి ఎలా తెలుస్తుంది?"

"అదే మేడమ్ అసలు తలనొప్పి" అంది ఆ పిల్ల, ప్రాణం లేచొచ్చినట్టు. "తేడా బయట ఉండదు, లోపల ఉంటుంది. 'మ', 'న' అనేటప్పుడు అంగిలి వెనక మెత్తటి భాగం కిందికి దిగుతుంది. దిగితే ఊపిరి ముక్కులోకి పోతుంది. అందరికీ అయితే ముక్కు కింద సన్నటి తీగ పెడతాం. వెచ్చటి గాలి తగలగానే తీగకి తెలిసిపోతుంది. మైకు అక్కర్లేదు."

"మరి ఈవిడకి?"

"ఈవిడ ముక్కులోంచి ఊపిరి రాదు కదా. తీగ పనికిరాలేదు. చెవి కింద, దవడ మూలలో చిన్న బిళ్ళ పెట్టాం. అంగిలి దిగేటప్పుడు కండరం కదలికని అది చదువుతుంది. అది కుదిరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"అయితే ఆవిడ పట్టీకి ముక్కు తీగ తీసేశారా?"

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "లేదండీ. తీసేస్తే పట్టీ పోతపోసే అచ్చు మార్చాల్సొస్తుందని అలాగే ఉంచేశాం. ఆ తీగ గీసే గీత ఎప్పుడూ చచ్చినట్టు పడుంటుంది కాబట్టి తెర మీద కనపడకుండా దాచేశాను. దాన్ని ఎవరూ చూడరు."

"ఇప్పుడు చూద్దాం తల్లీ. ముందు పాతవి తియ్యి. తర్వాత సోమవారానిది."

పాత రికార్డింగులు వచ్చాయి. ఆవిడ మాట్లాడుతోంది, గడ్డం గీత ఎగురుతోంది, చెవి గీత ఎగురుతోంది. అట్టడుగున ముక్కు గీత మాత్రం గీసినట్టు తిన్నగా ఉంది. ఎన్ని తీసినా అంతే.

తర్వాత సోమవారం సందేశం తెరిచింది. ముక్కు గీత కదిలింది. ప్రతి 'మ' దగ్గరా, ప్రతి 'న' దగ్గరా ఒక బొడిపె. వాక్యానికీ వాక్యానికీ మధ్య కుదురుగా ఊపిరి తీసుకున్న ఆనవాలు. ఇంజనీరమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఆవిడ కాదు మేడమ్. ముక్కుతో ఊపిరి పీల్చే మనిషెవరో ఆవిడ పట్టీ పెట్టుకున్నారు. ఎవరు పెట్టుకుని పెదవులాడించినా డబ్బాలోంచి వచ్చేది ఆవిడ గొంతే."

భార్య వదిలెయ్యలేదని తేలినందుకు ఆయన పొంగిపోతాడనుకున్నాను. గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"అంటే... మొదట 'ఏమండీ' అని పిలిచింది? అది కూడా ఆవిడ కాదా అమ్మా?"

"కాదు అన్నయ్యగారూ."

ఆయన జేబులోని ఫోను మీద చెయ్యి వేసుకున్నాడు, తీసేశాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం హుషారుగా లేచాడు. "ఆగాగు. ఈ పట్టీ ఇంకోటి ఉందా?"

"స్పేరుది వాళ్ళింట్లో ఉంది" అంది ఇంజనీరమ్మాయి. తెర మీద వెతికి తడబడింది. "శనివారం నుంచి... రోజూ వాడినట్టుంది."

"దాంట్లో ముక్కు గీత?"

ఆ పిల్ల నా వైపు చూసింది. గీత కదులుతోంది. దాచడానికి లేదు.

"వినిపించు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

షాపాయన చేతులు జోడించాడు. "వద్దు బాబూ. దయచేసి వద్దు."

"వినిపించు!"

గది నిండా ఆవిడ గొంతు. "ఏమండీ. ఏమండీ, లేవండి. అన్నం చల్లారిపోతోంది. కళ్ళజోడు మళ్ళీ ఎక్కడ పారేశారు? అబ్బబ్బ, మీతో వేగలేక చస్తున్నాను." కాసేపు ఏమీ లేదు. మళ్ళీ "ఏమండీ." మళ్ళీ ఖాళీ. మళ్ళీ "ఏమండీ."

"నేనేనమ్మా" అన్నాడు ఆయన తల దించుకుని. "పట్టీ పెట్టుకుని పెదవులాడిస్తే ఆవిడ వస్తోంది. ఇంట్లో తిట్టే మనిషి లేక చెవులు బోసిపోయాయి. అన్నానికి పిలిచే గొంతు లేకపోతే ముద్ద దిగట్లేదు. అందుకని నన్ను నేనే పిలుచుకున్నాను. తప్పే."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గెందుకు, తిరిగాయి. మా అమ్మ పోయి చాలా కాలమైంది. మొహం గుర్తుంది, గొంతు మాత్రం ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాదు. అలాంటి పట్టీ ఒకటి ఉంటే నేనూ అదే పని చేసేదాన్ని.

"నాటకాలు చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంట్లో కూర్చుని ఇవన్నీ చెప్పించినవాడికి సోమవారం సందేశం ఒక లెక్కా? మొగుడే చేశాడు. పెళ్ళాన్ని ఏం చేశావో చెప్పు ముందు."

"బుద్ధుందా నీకు? పెళ్ళాం గొంతుని ల్యాబుకి రాసిచ్చి ఈయన ఏం బావుకుంటాడు? ఎవరికి లాభమో చూడవేం?"

"డైరెక్టరు గారు పెద్దమనిషి. శుక్రవారం రాత్రే ఊరెళ్ళారు. నువ్వు కక్షతో మాట్లాడకక్కా." ఫోను తీశాడు. "ఆయనకి చెప్పాలి, పాపం ఒకటే కంగారు పడుతున్నారు."

"ఒరేయ్, ఫోను పెట్టెయ్! ఆ తీగ సంగతి ఒక్కముక్క బయటికి పోయిందంటే..."

అప్పటికే వరండాలోకి నడిచాడు. తలుపు సందులోంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి. "దొరికాడు సార్, మొగుడే. ముక్కు గాలి పట్టించేసింది... అవును సార్, నిజంగా ఆవిడే మాట్లాడితే ఆ గీత అసలు కదలదట..."

అతని తెలివి తెల్లారినట్టే ఉంది. నేను తల పట్టుకున్నాను.

తిరిగొచ్చి షాపాయన రెక్క పట్టుకున్నాడు. "పద." ఆయన తలొంచుకుని కదిలాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. తోసుకుని పోనీ చూద్దామని మొండిగా నిలబడ్డాను. అతను అరిచాడు, నేను అంతకు రెట్టింపు అరిచాను. ఒకప్పుడు జీపులో పక్కపక్కన కూర్చున్న మనుషులమని ఎవరూ అనుకోరు. మా అరుపుల మధ్య ఇంజనీరమ్మాయి ఏదో అంటోంది, ఎవరూ వినలేదు. చివరికి బల్ల మీద చేత్తో గట్టిగా చరిచింది.

"ఆవిడ పట్టీ ఆన్ అయింది! ఇప్పుడే!"

అందరం తెర ముందుకు ఉరికాం. గడ్డం గీత వణుకుతూ లేచింది. చెంపల గీతలు లేచాయి. చెవి గీత లేచింది. బల్ల మీది డబ్బా మాట్లాడింది.

"ఏమండీ. నేనే మాట్లాడుతున్నాను. నా ఇష్టంతోనే వెళ్ళిపోయాను. నన్ను వెతకొద్దు. నా గొంతు హక్కులు ల్యాబు వాళ్ళకే."

అట్టడుగున ముక్కు గీత తిన్నగా ఉంది. ఆస్పత్రిలో గీత అలా పడుకుంటే ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. నేను మాత్రం గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను.

"ఏం, ఎవడైనా ముక్కు బిగపట్టుకుని ఆడించొచ్చుగా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి గొంతులో పస లేదు.

"చెవి గీత చూడండి సార్" అంది ఇంజనీరమ్మాయి, వేలితో చూపిస్తూ. "పెదవులు మూసుకోకముందే ఆవిడ అంగిలి దిగిపోతుంది. డబ్బింగ్ నాటి అలవాటు, ఇంకెవ్వరికీ ఇలా ఉండదు. సోమవారం దాంట్లో పెదవులు మూశాకే దిగింది. ఇది ఆవిడే. బతికే ఉంది."

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. "ఆ గీత కదలకూడదన్న సంగతి మన నలుగురికి తెలుసు. మన నలుగురం ఇక్కడే ఉన్నాం. ఐదోవాడికి నువ్వు చెప్పావు. చెప్పిన కాసేపటికే ఆవిడ చేత స్వయంగా మాట్లాడించారు."

అతని మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. మెల్లగా షాపాయన రెక్క వదిలేశాడు.

"ఎక్కడుందో తెలుస్తుందా తల్లీ?"

"సోమవారానిది దాచిపెట్టి పంపిన రికార్డింగు, తెలీలేదు. ఇది ఇప్పుడే నడుస్తోంది. పట్టీ దగ్గర్లో ఉన్న వైఫై పెట్టెకి దానంతటదే కలుస్తుంది, ఆ సంగతి ఆయనకి తెలిసుండదు." మీటలు నొక్కి, పైకప్పు వైపు చూసింది. "మూడో అంతస్తు. శబ్దం బయటికి రాని గది. రిపేరని శుక్రవారం నుంచి మూసేశారు. తాళం డైరెక్టరు గారి దగ్గరే ఉంది."

ఊరెళ్ళిన పెద్దమనిషి మా నెత్తిమీదే ఉన్నాడు. కేకేసినా వినపడని గదిలో, కేకే వెయ్యలేని మనిషిని పెట్టాడు.

"మేడమ్, గీతలు చూడండి" అంది ఇంజనీరమ్మాయి. "మాటలు అయిపోయినా కండరాలు ఎగురుతూనే ఉన్నాయి. ఊపిరికి కొట్టుకుంటోంది."

ఐదు రోజులుగా సరిగ్గా శుభ్రం చెయ్యని గొట్టం. పైగా కావలసిన మాట సరిగ్గా చెప్పేసింది, ఇక ఆవిడతో వాడికి పనిలేదు. ఆ మాట నేను పైకే అన్నాను. అనగానే తెర మీద గీతలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఎవరో పట్టీ పీకేశారు.

షాపాయన ఆరిపోయిన తెర మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆయన పెదవులు 'ఏమండీ' అన్నట్టు ఆడాయి, శబ్దం రాలేదు. తర్వాత మోచేత్తో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఆ మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

"నన్ను వెతకొద్దు అందమ్మా. ఈసారి ఆవిడే అంది."

"అవును అన్నయ్యగారూ."

"ఆవిడ చెప్పిన మాట నేనెప్పుడు విన్నాను గనక! పదండి!" అంటూ మా అందరికంటే ముందు మెట్ల వైపు పరుగెత్తాడు.